ఒక్క డయాలిసిస్ మిషను, తొమ్మిది మంది: మీ కాలనీలో ఈ చర్చ పెట్టడం ఎలా

వైద్యం అందరికీ చాలనప్పుడు ఎవరికివ్వాలో జనం ఏమనుకుంటారో తెలుసుకోవాలని "ఐసీయూలో ఒక్క బెడ్డే ఉంది, ఎవరికివ్వాలి?" అని అడిగి చూడండి, మన విశాఖలో ఎంవీపీ కాలనీ అయినా గాజువాక అయినా వచ్చే జవాబు ఒకటే, "ముందొచ్చినవాళ్లకి, అంతే కదండీ". ఇద్దరు "చిన్నపిల్లలకి" అంటారు, ఒకాయన గవర్నమెంటుని నాలుగు తిట్టి లేచిపోతారు, టీలు రాకముందే చర్చ ఐపోతుంది. అందుకని ఆ ప్రశ్న అడక్కండి. లెక్క చేతికివ్వండి, మాటలు వాటంతటవే వస్తాయి.

డయాలిసిస్ (కిడ్నీలు చేయలేని పనిని మిషనుతో చేయించి రక్తం శుభ్రం చేయడం) లెక్క దీనికి బాగా పనికొస్తుంది. మిషను మీద ఒక్కొక్కరికి సుమారు 4 గంటలు పడుతుంది. రోజుకి 3 షిఫ్టులు, ఆదివారం సెలవు అనుకుంటే వారానికి 18 టర్నులు. ఒకరికి మామూలుగా వారానికి 3 సార్లు కావాలి కాబట్టి ఒక మిషను ఆరుగురికి సరిపోతుంది. మీరు తొమ్మిది మందిని పెట్టండి.

కావాల్సినవి తొమ్మిది అట్టముక్కలు (పాత శుభలేఖల వెనకవైపు ఐతే గట్టిగా ఉంటాయి), 18 చింతపిక్కలు. ఒక పిక్క అంటే ఒక టర్ను. అట్టల మీద మనుషుల్ని రాయండి: కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి వచ్చే జీడితోట రైతు, పాలిటెక్నిక్ కుర్రాడు, 68 ఏళ్ల రిటైర్డు టీచరు, ఇద్దరు పిల్లలున్న ఒంటరి తల్లి, మందు అలవాటున్న ఆటో డ్రైవరు, పాడేరు కొండల మీదనుంచి బస్సు దొరికితే వచ్చే ఆవిడ, ఐదేళ్లుగా ఇదే మిషను మీదున్నాయన, కిడ్నీ మార్పిడి కోసం జీవన్‌దాన్‌లో (ప్రభుత్వ అవయవదాన పథకం) పేరు రాయించుకున్న మనిషి, కార్పొరేటరు గారి బామ్మర్ది. పేర్లు మాత్రం రాయొద్దు. మన దగ్గర పేరు కనిపిస్తే చాలు, ఇంటిపేరు, ఊరు, ఇంకా పైకి అనని లెక్కలు మొదలైపోతాయి, ఇక మీరు తెలుసుకునేది వేరే విషయం అవుతుంది.

మొదట ఎవరి కాగితం మీద వాళ్లు, పక్కవాళ్లకి చూపించకుండా పంచాలి. తర్వాత ఆరుగురేసి గుంపులుగా కూర్చోబెట్టి పిక్కలతో పంచమనండి, అరగంట టైం. చివర్లో మళ్లీ ఎవరి కాగితం వాళ్లు. మొదటి కాగితానికీ చివరి కాగితానికీ మధ్య ఏం మారిందో అదే మీకు కావాల్సిన సరుకు. గుంపులో గట్టిగా మాట్లాడేవాళ్ల మాటే నెగ్గుతుంది, అది మన ఇళ్లలో జరిగేదే, అందుకే కాగితాలు దాచి ఉంచాలి.

దాదాపు ప్రతి గుంపూ ఐదు నిమిషాల్లో ఒక తెలివైన పని చేస్తుంది: తొమ్మిది మందికీ తలా రెండు పిక్కలు! అందరూ హమ్మయ్య అనుకుంటారు. అప్పుడు మెల్లగా చెప్పండి, టర్ను తగ్గితే మధ్య రోజుల్లో ఒంట్లో నీరు చేరుతుంది, ఆయాసం వస్తుంది, కిడ్నీ ఇంకా కాస్త పనిచేస్తున్నవాళ్లు రెండుతో నెట్టుకొస్తారు, అసలు పనిచేయని వాళ్లకి ప్రమాదం అని. సమానంగా పంచడం కూడా ఎవరో ఒకరి మీద వేసిన భారమేనని తెలిశాక అసలు మాటలు మొదలవుతాయి. పిక్క ఒకటి తీసి ఇంకో అట్ట మీద పెట్టడానికి చెయ్యి రాదు జనాలకి, ముఖ్యంగా ఆడవాళ్లు ఆ ఒంటరి తల్లి అట్ట దగ్గర చాలాసేపు ఆగిపోతారు.

ఆటో డ్రైవరుకి మొదట్లో సున్నా పడొచ్చు, "తాగి తెచ్చుకున్నాడు కదా". కంగారు పడి సర్దిచెప్పొద్దు, మాట్లాడనివ్వండి. ఇంగ్లండులో 1990ల చివర్లో 60 మంది పేషెంట్లని చిన్న గుంపులుగా రెండు వారాల తేడాతో రెండుసార్లు కూర్చోబెట్టారు. మొదట సుమారు సగం మంది సిగరెట్టు, మందు అలవాటున్నవాళ్లని వెనక్కి పెట్టాలన్నారు, చర్చలయ్యాక చాలామంది ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఇక్కడ కూడా "నైట్ డ్యూటీలు చేసి బీపీ తెచ్చుకున్నవాడి సంగతేంటి మరి?" అని ఎవరో ఒకరు అంటే చాలు, గాలి మళ్లుతుంది.

బామ్మర్ది అట్టకి ఎవరూ పిక్క వేయరు, అందరూ నవ్వుతారు. అప్పుడడగండి, మీ ఇంట్లోవాళ్లకి అవసరమైతే తెలిసినవాళ్లకి ఫోన్ చేయరా అని. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని కూడా నోట్ చేసుకోండి.

"ముందొచ్చినవాళ్లకి" అన్నవాళ్లకి పాడేరు ఆవిడ అట్ట చూపించండి. రోడ్డు లేని గూడెం నుంచి డోలీలో దిగి బస్సెక్కే మనిషికీ, కేజీహెచ్‌కి (విశాఖ పెద్దాసుపత్రి) పది నిమిషాల దూరంలో మహారాణిపేటలో ఉన్న మనిషికీ క్యూ ఒకటేనా?

ఇంకో మాట తప్పకుండా వస్తుంది, "పదిమందికి పనికొచ్చే మనిషికి ఇవ్వాలి" అని. వినడానికి బానే ఉంటుంది. అమెరికాలో సియాటిల్‌లో 1960ల మొదట్లో సరిగ్గా ఇలాంటి మిషన్ల కోసమే ఏడుగురితో, ఎక్కువమంది డాక్టర్లు కాని మామూలు మనుషులే, కమిటీ వేశారు, వాళ్లు పేషెంటుకి పెళ్లయిందా, ఆస్తి ఎంత, చర్చికి వెళ్తాడా అని కూడా చూశారు. 1962లో ఆ సంగతి ఒక పత్రికలో వచ్చాక దుమారం రేగింది, చివరికి 1972లో డయాలిసిస్ ఖర్చు ప్రభుత్వమే భరించేలా చట్టం వచ్చింది. నా మటుకు నాకు మనిషి విలువ కట్టే ప్రశ్న చర్చలో రావాలి, కానీ చివరి పంపకంలో నిలవకూడదు. మీరు నిర్వాహకులైతే ఈ అభిప్రాయం మీ దగ్గరే ఉంచుకోండి.

హాల్లో ఎవరు లేరో చూడటం అన్నిటికంటే కష్టం. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో పేదల వైద్యానికి ఏది ముందు ఏది వెనక అని జాబితా కట్టేముందు ఊరూరా సభలు పెడితే, వచ్చినవాళ్లలో సగానికి పైగా వైద్యరంగంలో పనిచేసేవాళ్లే. మన దగ్గర ఆదివారం సాయంత్రం పెడితే రిటైరైనవాళ్లు వస్తారు, స్టీల్ ప్లాంటు బి-షిఫ్టు వాళ్లు రారు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు అసలు రారు. కాబట్టి ఇంకోసారి పూర్ణా మార్కెట్ దగ్గరో, అరిలోవలోనో వాళ్ల టైముకి పెట్టండి. ఆర్.ఆర్. వెంకటాపురం వైపు పెడితే మాత్రం ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకు రోజుని ఉదాహరణగా వాడొద్దు. 2020 మే 7న వాళ్లు నిజంగా చూసిన దాన్ని అట్టముక్కల ఆట చేయకూడదు.

అయ్యాక ఎవరికెన్ని పిక్కలు పడ్డాయో లిస్టు కాకుండా కారణాలు రాయండి, ఒక్కరే చెప్పిన కారణమైనా సరే. ఎక్కడ పెట్టారు, ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అన్నది పైనే ఉండాలి. రెండు పేజీలు దాటనివ్వద్దు. ఒక కాపీ ఆసుపత్రి అభివృద్ధి సొసైటీకి, ఒకటి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో (జనం అర్జీలు తీసుకునే చోట) ఇచ్చి, మీ కాపీ మీద ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి.