హాస్టల్ గదిలో తిండి – 4వ పాఠం: గుప్పెడు పెసలు, ఒక పాత గుడ్డ

మొదటి మూడు పాఠాలూ చేసినవాళ్ల దగ్గర ఈపాటికి కొన్ని వస్తువులు చేరి ఉండాలి. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా, చిన్న చాకు, నాలుగు నిమ్మకాయలు, ఇంటి నుంచి తెచ్చుకున్న చెనక్కాయల పొడి సీసా, వార్డెన్ ఒప్పుకున్న కెటిల్. కెటిల్ లేకపోతే అది ఉన్న స్నేహితులైనా పక్కగదిలో ఉండాలి. ఇంకో సంగతి కూడా వంటబట్టి ఉండాలి. గదిలో మనం చేసేది మెస్‌కి పోటీ వంట కాదు. అన్నం మెస్ పెడుతుంది, అది పెట్టనిదేదో మనం కలుపుకుంటాం. అంతకుమించి ఆశపడి కరెంటు పొయ్యి దొంగతనంగా తెచ్చుకున్నవాళ్లకు ఈ పాఠాలు పనికిరావు.

రెండో పాఠంలో వారం రోజుల మెస్ తిండి కాగితం మీద రాసుకోమన్నాను కదా, అది తీయండి. యూనివర్సిటీ హాస్టలైనా, బాలాజీ కాలనీ చుట్టుపక్కల ప్రైవేటు హాస్టలైనా తిరుపతిలో ఆ కాగితం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పొద్దున ఇడ్లీ, పొంగలి, ఉప్మాల్లో ఏదో ఒకటి. మధ్యాహ్నం అన్నం, సాంబారు, రసం, ఒక వేపుడు, మజ్జిగ. రాత్రికి మళ్లీ అన్నమో, రెండు చపాతీలో. ఇందులో పప్పు ఎక్కడుందో పెన్సిలుతో గీత గీయండి. సాంబారు కింద గీస్తారు, సరే. కానీ పప్పు గిన్నె అడుగున ఉంటుంది, గంటె పైపైన తిరుగుతుంది. వరసలో ముందు నిలబడ్డవాళ్లకు వచ్చేది పులుసు నీళ్లే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకు 2,000 కిలో కేలరీల తిండికి ఒక కొలత ఉంది. ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400, పండ్లు 100, పప్పులు, గుడ్లు, మాంసం అన్నీ కలిపి 85 గ్రాములు. ఇవన్నీ వండకముందు తూకాలు. మన కాగితంలో ధాన్యాల లెక్క ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. పప్పుల దగ్గరే బొక్క. మాంసకృత్తులు ఒంటి బరువులో కిలోకు 0.83 గ్రాముల చొప్పున కావాలి, అంటే 55 కిలోల మనిషికి రోజుకు 46 గ్రాములు. అన్నంలోనూ కొంత వస్తుంది గానీ బియ్యంలో లైసీన్ అనే భాగం తక్కువ. పెసలు, శనగలు, కందుల్లో అది ఎక్కువ, వాటికి తక్కువైనది బియ్యంలో ఉంది. అన్నం, పప్పు కలిపి తినడం మన పెద్దవాళ్లకు అలవాటు ఎందుకైందో గానీ, లెక్క మాత్రం సరిగ్గా కుదిరింది.

కాబట్టి ఈ వారం పని పెసలు మొలకెత్తించడం. పొయ్యి అక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. కావలసిందల్లా ముందురోజు రాత్రే గుర్తుండటం. హాస్టల్లో చాలామందికి తిండి చెడేది పొయ్యి లేక కాదు. ఆకలి వేసిన తర్వాతే తిండి గురించి ఆలోచించడం మొదలుపెడతారు, అప్పటికి చేతికి దొరికేది బిస్కెట్ ప్యాకెట్ ఒక్కటే.

కొనడం

అంగడిలో పొట్టు ఉన్న ముడి పెసలు అడగండి. పెసరపప్పు ఇస్తే తీసుకోవద్దు, చీలిన గింజ మొలవదు. పావుకిలో చాలు, వారానికి మూడుసార్లు చేసుకున్నా ఒకరికి రెండు వారాలు వస్తుంది. గింజలు అరచేతిలో పోసుకొని చూడండి. పచ్చగా, ఒకే సైజులో, పొట్టు నునుపుగా ఉండాలి. పిండి రాలుతున్నా, చిన్న చిల్లులు కనబడినా పురుగు పట్టినట్టు. పొలంలో చల్లుకోవడానికి అమ్మే విత్తనాల పెసలు మాత్రం పొరపాటున కూడా తేవద్దు, వాటికి మందు పట్టించి ఉంటారు.

నానబెట్టడం

ఒకరికి ఒక గుప్పెడు, దాదాపు 40 గ్రాములు. మీ గుప్పెడే కొలత. అందులో మాంసకృత్తులు సుమారు 9 గ్రాములు ఉంటాయి. గింజలను రెండుమూడు నీళ్లలో కడగండి. కుళాయి నీళ్లతో కడిగినా చివరి నీళ్లు, నానబెట్టే నీళ్లు మాత్రం తాగే నీళ్లే కావాలి. గింజలకు మూడింతలు నీళ్లు పోసి మూత వదులుగా పెట్టండి. గిన్నె నిండా గింజలు పోసి నానబెడితే పొద్దునకు మూత లేచి ఉంటుంది. పెసలు రెట్టింపు అవుతాయి, సగం డబ్బాకు మించి పోయొద్దు.

ఎంతసేపు? ఇక్కడే పుస్తకాల్లో రాసిన పన్నెండు గంటల మాట తిరుపతికి పనికిరాదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటే ఊరిది. పైఅంతస్తు గదిలో రాత్రి కూడా గోడలు వేడి కక్కుతుంటాయి. ఆ రోజుల్లో పన్నెండు గంటలు నానితే నీళ్ల మీద బుడగలు లేచి పులిసిన వాసన వస్తుంది. ఎండాకాలం ఆరుగంటలు, మిగతా రోజుల్లో ఎనిమిది చాలు. రాత్రి పడుకోబోయే ముందు పోస్తే పొద్దున బ్రష్ చేసుకునేటప్పుడు వంచేయొచ్చు.

వంచిన తర్వాత ఒక పని ఉంది, దీన్ని మాత్రం ఎవరూ చెప్పరు. నానిన పెసలు వెడల్పుగా పళ్లెంలో పరిచి చూడండి. అన్నీ ఉబ్బి, పొట్టు కొద్దిగా చిట్లి ఉంటాయి. మధ్యలో కొన్ని మాత్రం నిన్న ఎలా ఉన్నాయో అలాగే చిన్నగా, ముదురుగా, మెరుస్తూ ఉంటాయి. గోటితో నొక్కితే దిగదు. నీళ్లు తాగని గింజలవి, మొలవవు, మెత్తబడవు. అలాంటిదొకటి పంటికింద పడితే పన్ను కదులుతుంది. వేలితో ఒక్కొక్కటీ ఏరిపారేయండి. రెండు నిమిషాల పని.

కట్టడం

గుడ్డకు పాత కాటన్ చున్నీయో, పంచె ముక్కో చాలు. సబ్బు వాసన పోయేదాకా ఉతికి, వేడినీళ్లలో ముంచి ఆరేయండి. తడిపి, గట్టిగా పిండి, పెసలు మధ్యలో పోసి మూట కట్టండి. మరీ బిగించొద్దు, మొలక రావడానికి చోటు కావాలి. మూటను గిన్నెలో పెట్టి పైన పళ్లెం కొద్దిగా ఓరగా మూయండి. గాలి ఆడాలి, వెలుతురు తగలకూడదు. కిటికీలో పెట్టొద్దు. కొండకు దగ్గరగా ఉన్న హాస్టళ్లలో కిటికీలో పెట్టినదేదీ మీకోసం మిగలదు, కోతులు మూట విప్పడంలో మనకంటే నేర్పరులు.

రోజుకు రెండుసార్లు, క్లాసుకు వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, మూట విప్పకుండానే తాగే నీళ్లు పోసి బాగా వడకట్టండి. గింజ తడిగా ఉండాలి, నీళ్లలో మునిగి ఉండకూడదు. అడుగున నీళ్లు నిలిస్తే మొలకకు బదులు జిగురు వస్తుంది. ఎండాకాలంలో అదే రోజు సాయంత్రానికి తెల్లటి తోక కనబడుతుంది. డిసెంబరు, జనవరిలో మర్నాడు పొద్దున దాకా ఆగాలి. తోక అర సెంటీమీటరు వచ్చిందంటే మొలక తయారు. ఇంకా పెంచితే ఆకు విప్పి కొద్దిగా చేదెక్కుతుంది, పెంచాల్సిన అవసరమూ లేదు.

వేడినీళ్లు

ఇప్పుడు చాలామందికి నచ్చని మాట. మొలకలు పచ్చిగా తినొద్దు. మొలక రావడానికి ఏ వెచ్చదనం, తడి కావాలో, రోగం తెచ్చే క్రిములకూ సరిగ్గా అవే కావాలి. 2011లో జర్మనీలో ఈకోలై అనే క్రిమి మెంతి మొలకల ద్వారా పాకి యాభైమందికి పైగా చనిపోయారు. అంత శుభ్రమైన దేశంలో అలా జరిగితే, ఒకే కుళాయిని ఇరవైమంది వాడే హాస్టల్లో మనం జాగ్రత్తగా ఉండటంలో తప్పులేదు.

కెటిల్‌లో నీళ్లు తెర్లనివ్వండి. మొలకలను మాత్రం కెటిల్‌లో వేయొద్దు, అది నీళ్లకే. స్టీలు డబ్బాలో మొలకలు పోసి, తెర్లే నీళ్లు మునిగేలా పోసి, మూతపెట్టి ఐదు నిమిషాలు ఉంచి వంచేయండి. మళ్లీ ఒకసారి అలాగే చేయండి. దీంతో క్రిములు బాగా తగ్గుతాయి గానీ, పూర్తి భద్రం కావాలంటే ఉడికించాల్సిందే. మెస్‌లో వంటమాస్టరు మంచివాడైతే, పొయ్యి ఖాళీగా ఉన్నప్పుడు ఒక చిన్న గిన్నె పది నిమిషాలు పెట్టమని అడగండి. జ్వరం వచ్చి లేచినవాళ్లు, కడుపు నలత ఉన్నవాళ్లు ఉడికించినవే తినాలి. జిగురుగా ఉన్నా, పుల్లటి వాసన వచ్చినా కడుక్కుని తిందామని చూడకండి, పారేయండి. పోయేది గుప్పెడు పెసలే.

కెటిల్ గురించి మూడో పాఠంలో చెప్పినదే మళ్లీ ఒక ముక్క. దాని అడుగున 1,500 వాట్లు అని రాసి ఉంటే, గోడకున్న చిన్న ప్లగ్గులో పెట్టొద్దు. చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది, 230 వోల్టుల దగ్గర అది మోసేది 1,380 వాట్లు. పెద్ద మూడు రంధ్రాల 16 ఆంపియర్ల ప్లగ్గే వాడండి. అది గదిలో లేకపోతే వార్డెన్‌ని అడిగి వరండాలో ఎక్కడుందో కనుక్కోండి.

తినడం

సన్నగా తరిగిన ఎర్రగడ్డ, కీర దోసకాయ, కొత్తిమీర, చిటికెడు ఉప్పు, చెంచాడు చెనక్కాయల పొడి, పైన అరచెక్క నిమ్మకాయ. సాయంత్రం నాలుగున్నరకు, ఏదో ఒకటి నమలాలనిపించే వేళకు ఇది. బొరుగులు కలిపితే ఇద్దరికి వస్తుంది, కానీ కలిపిన వెంటనే తినాలి, ఐదు నిమిషాలాగితే బొరుగులు మెత్తబడతాయి. నాకు అన్నిటికంటే నచ్చేది మాత్రం మధ్యాహ్నం మెస్‌లో పెరుగన్నంలో రెండు చెంచాలు కలుపుకోవడం. పక్కన ఊరగాయ ఉంటే ఇంకేం అక్కర్లేదు. పచ్చగా కనబడుతున్నవి ఏమిటని ఎదుటివాళ్లు అడుగుతారు, ఒక చెంచా వాళ్లకూ వేయండి. మర్నాటికి ఇంకో గుప్పెడు వాళ్ల చేత కొనిపించొచ్చు.

నిమ్మకాయ రుచికి మాత్రమే కాదు. వేడినీళ్లు పోసినప్పుడు మొలకల్లో సి విటమిన్ కొంత పోతుంది, అది నిమ్మరసంలో తిరిగొస్తుంది. పైగా గింజల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపు సాయం కావాలి. టీ మాత్రం దీంతోపాటు తాగొద్దు, గంట ఆగండి. టీ ఆ ఇనుమును పట్టనివ్వదు.

మొలకలు తింటే రక్తం పడుతుందని ఆడపిల్లల హాస్టళ్లలో గట్టి నమ్మకం. లెక్క చూడండి. ఆడవాళ్లకు రోజుకు కావలసిన ఇనుము 29 మిల్లీగ్రాములు, మగవాళ్లకు 19. మన గుప్పెడు పెసల్లో ఉండేది సుమారు 2. కాబట్టి రక్తం తక్కువని డాక్టరు చెప్పినవాళ్లు మాత్రలు మానేసి మొలకల మీద కూర్చోవద్దు.

శనగలు, ఉలవలు, అలసందలు కూడా ఇలాగే మొలుస్తాయి కానీ గదిలో వద్దు. శనగలు రాత్రంతా నానాలి, మొలకెత్తినా వేడినీళ్లతో మెత్తబడవు, కడుపు ఉబ్బుతుంది. వాటిని ఉడికించి గుగ్గిళ్లుగానే తినాలి. రాజ్మా ఊసే ఎత్తొద్దు. నానబెట్టి సరిగ్గా ఉడికించకుండా తింటే వాంతులు పట్టుకుంటాయి, దానికి పొయ్యి మీద బాగా తెర్లడం తప్పనిసరి.

ఇక తిరుపతిలో చదివేవాళ్లకు మరే ఊళ్లోనూ లేని ఇబ్బంది ఒకటుంది. కొండ దిగిన చుట్టాలందరూ హాస్టల్ గేటు దగ్గర ఆగి, "బాగా చదువుకో నాయనా" అని చేతిలో లడ్డు పెట్టి పోతారు. వద్దనమని నేను చెప్పను. పదిమందికి పంచితే ప్రసాదం, రాత్రి పన్నెండింటికి ఒక్కరే తింటే అది భోజనం. ఆ వారం సాయంత్రాలు మొలకలు మానొద్దు, అంతే.

ఈ వారం పని

రెండుసార్లు చేయండి, ఒకటి మామూలు రోజు, ఒకటి సెలవు రోజు. ఎప్పుడు నానబెట్టారు, ఎప్పుడు తోక వచ్చింది, గది ఏ అంతస్తు, ఫ్యాను తిరుగుతోందా, ఇవి నోటుపుస్తకంలో రాసుకోండి. ఒకే హాస్టల్లో కింది గదికీ మిద్దె కింది గదికీ మూడు నాలుగు గంటల తేడా రావచ్చు. మీ గదికి సరిపడే సమయం మీరే పట్టుకోవాలి, నా అంకెలు మొదలుపెట్టడానికే.

వచ్చే పాఠం ఫ్లాస్కులో గోధుమ రవ్వ ఉడికించడం, రాగిజావ కలపడం. మూతి వెడల్పుగా ఉన్న స్టీలు ఫ్లాస్కు కావాలి, సన్నమూతిది కడగడానికి చెయ్యి దూరదు. ఈ ఆదివారం పలమనేరు, పీలేరు, మదనపల్లె వైపు ఇంటికి వెళ్లేవాళ్లు దోరగా వేయించిన రాగిపిండి అరకిలో డబ్బాలో పోయించుకు రండి. వేయించింది కావాలని అమ్మతో గట్టిగా చెప్పండి, పచ్చిపిండి పంపితే ఫ్లాస్కులో ఉడకదు.