లెన్సు జిగురుగా ఉందా, పసుపెక్కిందా: యూవీ రెసిన్ సమస్యలు, పరిష్కారాలు

బెజవాడ, గుంటూరు వైపు చవకగా ప్లాస్టిక్ లెన్సులు పోసేవాళ్లు, అంటే టార్చి లెన్సులు, భూతద్దాలు, ఎల్ఈడీ మీద పెట్టే బుడిపెలు లాంటివి చేసేవాళ్లు, ఏ తేడా వచ్చినా ముందు ఖరీదైన యూవీ రెసిన్ (అతినీలలోహిత కాంతి తగిలితే గట్టిపడే ద్రవం) తెప్పించేస్తున్నారు. దయచేసి ఆ డబ్బు ఆపుకోండి. చాలావరకు తప్పు లైటులోనో, అచ్చులోనో ఉంటుంది.

పైన జిగురు, లోపల గట్టి

ఇది గాలి వల్ల. ఈ రెసిన్లలో ఉండే ఆక్రిలేట్ క్యూర్ అయ్యేటప్పుడు, అంటే కాంతికి గట్టిపడేటప్పుడు, పుట్టే రాడికల్స్‌ని (అణువుల్ని గొలుసుగా కలిపే చురుకైన ముక్కల్ని) ఆక్సిజన్ పట్టేసుకుంటుంది, అందుకే పైపొర పచ్చిగా మిగులుతుంది. స్టేషనరీ షాపులో దొరికే ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం) దాని మీద బుడగ రాకుండా పరిచి లైటు వేయండి, సమస్య చాలావరకు పోతుంది.

జిగురు అచ్చు వైపే ఉంటే మీది సిలికాన్ అచ్చు అయి ఉంటుంది. సిలికాన్‌లోంచి ఆక్సిజన్ సులువుగా దూరుతుంది. చూపుకి పనికొచ్చే ముఖానికి గాజు అచ్చే మేలు, రిలీజ్ ఏజెంట్ (లెన్సు అచ్చుకి అంటుకోకుండా పూసేది) మాత్రం మరవకండి. ఆటోనగర్‌లో లేత్ మీద తిప్పించిన ఇత్తడి అచ్చు కంటికి అద్దంలా మెరుస్తుంది కానీ, పనిముట్టు వదిలిన సన్న గీతలన్నీ లెన్సులోకి దిగుతాయి. అలాంటి లెన్సులోంచి చిన్న ఎల్ఈడీని చూడండి, దాని పక్కన రంగుల చారలు సాగి కనిపిస్తాయి. పాలిష్ సరిపోలేదని దాన్నిబట్టే చెప్పేయొచ్చు.

అసలు గట్టిపడటం లేదు, లేదా అడుగున పచ్చిగా ఉంది

ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటారు, కాబట్టి నిదానంగా చూడండి. ముందు మీ ఎల్ఈడీ ఎన్ని నానోమీటర్లో చూసుకోండి. 1173, 184 అనే ఫోటో ఇనిషియేటర్లు (కాంతి తగలగానే గట్టిపడటాన్ని మొదలుపెట్టే మందులు) 405 దగ్గర కాంతిని దాదాపు తీసుకోవు, రాత్రంతా పెట్టినా అంతే సంగతులు. టీపీవో, బాపో అనే ఇనిషియేటర్లయితే 365కీ 405కీ రెండింటికీ పనిచేస్తాయి. తర్వాత అచ్చు మీద మూత ఏమిటో చూడండి. మామూలు కిటికీ అద్దం 365 కాంతిని బాగానే వదులుతుంది, పాలికార్బొనేట్ షీటు మాత్రం దాదాపు మొత్తం మింగేస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా అడుగు పచ్చిగానే ఉందంటే ఇనిషియేటర్ ఎక్కువైనట్టే. గట్టిపడట్లేదని ఇంకాస్త కలపడం అందరూ చేసే పని, కానీ అది సమస్యని పెంచుతుంది, పైపొరే కాంతినంతా లాగేసుకుంటే కిందికి ఏం చేరుతుంది? గాజు పలక మీద పల్చగా ఒక చుక్క వేసి లైటు కింద పెట్టండి. చుక్క గట్టిపడి, లెన్సు గట్టిపడకపోతే మోతాదు తగ్గించాలి. మందమైన లెన్సుకి 100 గ్రాముల రెసిన్‌కి 0.2 గ్రాముల టీపీవోతో మొదలుపెట్టండి. బంగారం కొట్లలో వాడే లాంటి చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఉంటేనే ఇది కుదురుతుంది, చెంచా కొలతలు వద్దు. టీపీవోకి ఇంకో మంచి గుణం ఉంది, కాంతి తగిలేకొద్దీ దాని రంగు విరిగి, వెలుగు ఇంకా లోపలికి దిగుతుంది.

పసుపు రంగు

క్యూర్ అయిన వెంటనే కనిపించే లేత పసుపు చాలాసార్లు ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది, కంగారు పడకండి. రోజులు గడిచేకొద్దీ ముదిరితే మాత్రం అమీన్ (నైట్రోజన్ ఉన్న ఒక రకం రసాయనం) కలిసిన ఇనిషియేటర్‌నో, ఆరోమాటిక్ (బెంజీన్ వలయాలున్న) యురేథేన్‌నో అనుమానించాలి. ఆ వలయాలు లేని అలిఫాటిక్ యురేథేన్ ఆక్రిలేట్‌కి మారండి. ఈ ఒక్క చోట మాత్రం రెసిన్ మార్చక తప్పదు.

పగుళ్లు, గుంటలు, అచ్చు నుంచి ముందే ఊడిపోవడం

మోనోమర్ (విడివిడి చిన్న అణువులు) పాలిమర్‌గా (పొడవాటి గొలుసులుగా) మారితే కుంచించుకుపోతుంది. మిథైల్ మెథాక్రిలేట్ అయితే సుమారు 21 శాతం, కళ్లద్దాల సీఆర్-39 సుమారు 14 శాతం, బిస్-జీఎంఏ లాంటి పెద్ద అణువులు 5, 6 శాతం. అందుకే పెద్ద అణువులున్న ఆలిగోమర్ ఎక్కువ పాళ్లలో ఉంచండి. రెండు గాజుల మధ్య మెత్తటి గాస్కెట్ (అంచు చుట్టూ పెట్టే సీలు) పెడితే, రెసిన్ కుంచించుకున్నప్పుడు గాజులు కూడా దగ్గరికి జరుగుతాయి.

క్యూర్ అయ్యేటప్పుడు వేడి కూడా పుడుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటిన గదిలో ఫుల్ లైటు వేస్తే మందపాటి లెన్సు చిట్లడం మామూలే. తెల్లవారుజామున పోయండి, జెల్ అయ్యేదాకా మసక లైటు, ఆ తర్వాతే గట్టి లైటు. చివర్లో 70, 80 డిగ్రీల ఓవెన్‌లో కాసేపు ఉంచాలి, ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు పాలిమర్ బిగుసుకుపోయి రియాక్షన్ మధ్యలోనే ఆగిపోతుంది.

లోపల ఒత్తిడి మిగిలిందా లేదా చూడాలంటే ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెర తెల్లగా పెట్టి, పోలరాయిడ్ కళ్లద్దాన్ని తెర నల్లబడేదాకా తిప్పండి. రెండిటి మధ్య లెన్సు పెడితే, ఒత్తిడి ఉన్నచోట వెలుగు, రంగుల పట్టీలు వస్తాయి. మధ్యలో నల్లగానే ఉండి అంచున మాత్రమే పట్టీలుంటే టార్చి లెన్సుకి ఢోకా లేదు.

పాలలా మసక

ద్రవమే మసకగా ఉంటే తేమ చేరింది, లేదా రెండు మోనోమర్లు కలవలేదు. క్యూర్ అయ్యాక పైన తెలుపొస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగాక సరిగ్గా ఆరబెట్టలేదేమో చూడండి.

సీసాలోనే గడ్డకట్టింది

రేకుల షెడ్డులో పెట్టారా? రెసిన్‌లో కలిపే ఎంఈహెచ్‌క్యూ అనే నిరోధకం పనిచేయాలంటే అందులో కాస్త ఆక్సిజన్ కరిగి ఉండాలి. సీసాని అంచుదాకా నింపకండి, నైట్రోజన్ పట్టకండి, చల్లటి చీకటి చోట ఉంచండి. గడ్డకట్టిన సీసాని చేత్తో గీకి ఖాళీ చేయొద్దు, ఆక్రిలేట్లకి చర్మం ఒకసారి అలర్జీ పెంచుకుంటే అది పోయేది కాదు, నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి.