వాగుల్లో ఆల్చిప్పలు, 4వ పాఠం: తొలిరోజుల రాలుడు

పోయిన పాఠంలో గ్లోకిడియాలు, అంటే చేపను పట్టుకుని పెరిగే ఆల్చిప్ప లార్వాలు, బతికున్నాయో లేదో చూసే ఉప్పు పరీక్ష గురించి రాసి చిక్కు తెచ్చిపెట్టినట్టున్నాను. ముగ్గురు ఏకంగా టబ్బులోనే గుప్పెడు ఉప్పు వేశారు. తల్లి చిప్ప మొప్పల్లోంచి అంత జాగ్రత్తగా తీసిన గ్లోకిడియాలు వేలకు వేలు టక్కున మూసుకున్నాయి. చేపను పట్టుకోకుండా మూసుకున్న గ్లోకిడియా ఇక దేనికీ పనికిరాదు. నేను చెప్పింది, గాజు పళ్లెంలోకి ఓ యాభైటిని విడిగా తీసి, ఒక్క చుక్క ఉప్పునీరు వేసి, మైక్రోస్కోపు కింద చూడమని. బతికున్నది మూసుకుంటుంది, చచ్చినది కదలదు. పదింట తొమ్మిది మూసుకుంటేనే ఆ గుంపును చేపల దగ్గరికి తీసుకెళ్తాను, ఇది నా లెక్క. ఆ యాభైని మాత్రం పారబోయండి. చుక్క వేయడానికి నేను వాడేది పాత ఇంకు ఫిల్లరే.



ఇక చేపలు. "గ్లోకిడియాలను చేపలకు అంటించిన మర్నాడే టబ్బు అడుగున వందలు రాలాయి, పిల్లలొచ్చేశాయి" అని సంబరంగా రాశారు కొందరు. అవి పిల్లలు కావండీ! చేప వదిలించుకున్న గ్లోకిడియాలు. గ్లోకిడియా మొప్పనో రెక్కనో కరిచి పట్టుకున్నాక, చేప కణాలు దాని చుట్టూ పెరిగి మూసేయాలి, ఆ గూడులోనే అది రూపు మార్చుకోవాలి. తనకు పడని చేపయితే మొదటి కొద్ది రోజుల్లోనే రాలిపోతుంది. ఐరోపా ముత్యపు చిప్పకు సాల్మన్, బ్రౌన్ ట్రౌట్ కావాలి, వేరే చేపనిస్తే అంతే సంగతులు. పడిన చేపయినా, ఒకసారి మోసినదాన్నే మళ్లీ వాడితే ఒంట్లో నిరోధం పెరిగి విదిలించేస్తుంది. మీలో చాలామంది పోయిన నెల చేపలనే వాడారు, అందుకే ఆ వందలు. అసలు పిల్ల ఆలస్యంగా రాలుతుంది, రాలాక కాలు చాపి పాకుతుంది. కాలు కనిపించందే పిల్ల అనకండి.

మృగశిర నాడు నాంపల్లిలో కొర్రమీను పిల్లలు దొరుకుతాయిగా అని ఒకాయన. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చే చేప, నేనైతే దాని జోలికి పోను. పరకలనే చిన్న చేపలతో మొదలుపెట్టండి, అదీ పరీక్షించాకే.

టబ్బు అడుగుకు కాస్త పైన వల పరచండి, లేకపోతే రాలిన పిల్లలను చేపలే తింటాయి.

"పిల్లలొచ్చాక మూసీలో వదుల్దామా?" నగరంలో వద్దు. పిల్ల చిప్పలు ఇసుకలో, బురదలో కూరుకుని బతుకుతాయి, మురుగునీటి అమ్మోనియా వాటి ప్రాణం తీస్తుంది. గండిపేటకు పైన, అనంతగిరి వైపు వాగులు చూద్దాం, వచ్చే పాఠంలో.

అభ్యాసం: రెండు టబ్బులు. ఒకదాంట్లో కొత్త పరకలు, రెండోదాంట్లో ఒకసారి మోసినవి. ఇరవై రోజులు, రోజూ పొద్దున అడుగు నీటిని పీల్చి సన్న నైలాన్ జల్లెడలో వడకట్టి, కాలున్నవి, లేనివి విడివిడిగా లెక్కపెట్టండి. ఆదివారాలు కూడా.