తీరం వెంట తిరిగే తెరచాప పడవను కొనేముందు ఎలా పరీక్షించాలి?

పాత తెరచాప పడవ కొనబోయేవారు సాధారణంగా ముందు పొడవు అడుగుతారు, తర్వాత లోపల ఎన్ని పడకలున్నాయో చూస్తారు. ఆ రెండింటితో పడవ నడక తెలియదు. అమెరికా రేవుల్లో విరివిగా కనిపించే క్యాటలీనా 30నే తీసుకుందాం. ఫ్రాంక్ బట్లర్ కాలిఫోర్నియాలో నెలకొల్పిన క్యాటలీనా యాట్స్ 1970లలో మొదలుపెట్టి 6,000కు పైగా కట్టిన పడవ ఇది.

1. నీటిగీత పొడవు, అంటే పడవ నీటి మట్టం దగ్గర ఎంత పొడవుందో కనుక్కోండి. ఈ పడవ మొత్తం పొడవు దాదాపు 30 అడుగులు, నీటిగీత దగ్గర మాత్రం 25. 25కు వర్గమూలమైన 5ను 1.34తో గుణిస్తే పడవ గరిష్ఠ వేగం వస్తుంది: 6.7 నాట్లు, అంటే గంటకు 12 కిలోమీటర్ల పైచిలుకు. బరువైన పడవ తాను లేపిన అలను ఎక్కి దాటలేదు కాబట్టి గాలి ఎంత పెరిగినా వేగం దాదాపు అక్కడే ఆగుతుంది. రోజు ప్రయాణాన్ని 5 నాట్ల లెక్కన వేసుకోండి.

2. బరువు ఎక్కడుందో చూడండి. మొత్తం 10,200 పౌండ్లలో 4,200 పడవ అడుగున రెక్కలా దిగి ఉండే కీల్‌దే. నూటికి 41 పాళ్లు. తీరప్రయాణానికి ఇది భరోసా ఇచ్చే లెక్క. కీల్ నీటిలోకి 5 అడుగుల 3 అంగుళాలు దిగుతుంది. మీ రేవులో పోటు తీసినప్పుడు అంత లోతు ఉంటుందా?

3. పడవను ఒడ్డుకు ఎత్తించండి. ఈ పని చేయకుండా బయానా ఇవ్వకండి. కీల్ పడవ అడుగుభాగాన్ని కలిసేచోట, ముందువైపు, నవ్వుతున్న పెదవుల్లా వంగిన పగులు ఉందేమో వెతకండి. తొలి ఏళ్ల పడవల్లో ఆ అతుకు లోపల ప్లైవుడ్ ఉండేది; నీరు చేరితే అది కుళ్లి అణగిపోతుంది, బోల్టులు వదులవుతాయి. లోపల నేలపలక ఎత్తి ఆ బోల్టుల తుప్పు కూడా చూడండి. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో డెక్కంతా తట్టండి. ఖంగుమంటే మేలు, బొదబొదమన్నచోట లోపలి చెక్క నానిందని అనుమానించాలి.

4. గాలి బాగా ఉన్న రోజున నడిపి చూడండి. ఎదురుగాలికి ఏటవాలుగా పోతూ చుక్కాని చక్రాన్ని కాసేపు వదలండి. పడవ నెమ్మదిగా గాలివైపు తిరగాలి. చక్రం చేతులను గట్టిగా లాగుతుంటే పడవ ఎక్కువగా ఒరిగిందన్నమాట; వెడల్పైన పడవల స్వభావమే అంత. పెద్ద తెరచాపను ఒక మడత తగ్గించి మళ్లీ చూడండి. అప్పటికీ లాగితే తెరచాపలు సాగిపోయాయా, తెరచాప కొయ్య వెనక్కి ఎక్కువగా వాలిందా అన్నది రేవుకు తిరిగి రాకముందే పరిశీలించండి.