కొత్త కారు ఇంజిన్ ఆయిల్ గడువుకు ముందే మార్చాలా?

అరసవల్లిలోనో పైడితల్లమ్మ గుడి దగ్గరో పూజ అయ్యి, చక్రాల కింద నిమ్మకాయలు నలిగాక కొత్త కారుకు మొదట అందేది ఉచిత సలహా: "వెయ్యి కిలోమీటర్లు తిరగ్గానే ఆయిల్ తీసేయించు, లేకపోతే ఇంజిన్ పోద్ది." షోరూంలో అడిగితే "పదివేల దాకా ముట్టుకోనక్కర్లేదండి" అంటారు. రెండు మాటలకూ కారణాలున్నాయి. మీ బండికి ఏది వర్తిస్తుందో తెలియాలంటే అది రోజూ ఎంతెంత దూరాలు తిరుగుతోందో చూడాలి.

కొత్త ఇంజిన్‌లో సిలిండరు గోడల మీద కావాలనే గీసిన సన్నటి అడ్డగీతలుంటాయి. పిస్టన్ రింగులు వాటితో రాసుకుని సర్దుకునేటప్పుడు లోహపు పొడి రాలి ఆయిల్‌లో కలుస్తుంది. బిగింపుల దగ్గర పూసిన సీలెంటు తునకలు కూడా కొన్ని చేరతాయి. ఈ అరుగుదల మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఎక్కువగా ఉండి, తర్వాత బాగా తగ్గుతుంది. పెద్ద రేణువులను ఫిల్టర్ పట్టేస్తుంది, మరీ సన్నవి ఆయిల్‌తోపాటు తిరుగుతూనే ఉంటాయి. అంబాసిడర్ల కాలంలో భాగాల నునుపు తక్కువ, ఆయిళ్ల నాణ్యతా తక్కువ. పెద్దవాళ్ల సలహా అప్పటిది, అప్పటికి అది సరైనదే. ఇప్పటి ఇంజిన్లలో రాలే పొడి చాలా తక్కువ కాబట్టి, దానికోసమే తొందరపడక్కర్లేదు.

ఇప్పుడు ఆయిల్‌ను పాడుచేసేది ఎక్కువగా చిన్న ప్రయాణాలే. ఏడు రోడ్ల కూడలి నుంచి అరసవల్లికి, విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి రైల్వే స్టేషనుకు, అంటే రెండు మూడు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. టెంపరేచర్ ముల్లు మధ్యకొచ్చినా అది చూపేది ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ వేడిని. ఆయిల్ వేడెక్కడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. చల్లని ఇంజిన్‌లో కాలని పెట్రోలు, నీటి ఆవిరి ఆయిల్‌లోకి దిగుతాయి, మళ్లీ ఆవిరై పోయేంత వేడి దొరకదు. కళ్యాణ మండపం బయట ఏసీ వేసుకుని గంటసేపు ఇంజిన్ ఆన్‌లో ఉంచితే, ఓడోమీటరు కదలకపోయినా ఆయిల్ వయసు పెరుగుతుంది.

కాబట్టి ముందు డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూపే కడ్డీ చూడండి. సమతలం మీద బండి ఆపి, పది నిమిషాలు ఆగి, కడ్డీ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. మొదటి 3,000 కిలోమీటర్లూ పదిహేను రోజులకోసారి ఇలా చూసి, మట్టం ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకుంటే మంచిది. మట్టం కాస్త తగ్గితే గాభరా పడొద్దు, రింగులు కుదురుకునే దాకా ఇంజిన్ కొంత ఆయిల్ తాగుతుంది. పోయకుండానే మట్టం పెరిగి, కడ్డీకి పెట్రోలు వాసన వస్తే మాత్రం ఇంధనం కలుస్తోందని అర్థం. అప్పుడు గడువు కోసం చూడకుండా మార్చేయాల్సిందే. టర్బో పెట్రోలు బండ్లలో ఇది మరింత గమనించాలి. 2020 తర్వాతి బీఎస్6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే పొగ ఫిల్టర్ ఆ మసిని కాల్చుకుని శుభ్రపడే పని సగంలో ఆగిపోతుంటే డీజిల్ కూడా ఇలాగే ఆయిల్‌లో కలుస్తుంది.

ఆయిల్ మూత లోపల తెల్లటి వెన్నలాంటి పూత కనిపించిందా? వానాకాలంలో, చలికాలంలో చిన్న తిరుగుళ్ల బండికి ఇది మామూలే. కూలెంట్ మట్టం తగ్గనంతవరకు భయం లేదు. శ్రీకాకుళం నుంచి నరసన్నపేట దాకా ఆగకుండా వెళ్లి వస్తే చాలావరకు పోతుంది. కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం వెంటనే సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లండి. ఇక రంగు చూసి తీర్పు చెప్పొద్దు. డీజిల్ బండిలో ఆయిల్ మార్చిన కొన్నాళ్లకే నల్లబడుతుంది, పాడై కాదు, మసిని పట్టి ఉంచడం దాని పని కాబట్టి.

ఇచ్ఛాపురం–విశాఖ హైవే మీద తిరిగే బండైతే మాన్యువల్ చెప్పిన గడువు చాలు. చాలా పెట్రోలు కార్లకు అది 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. నెలకు మూడొందలు కూడా తిరగని ఊరి బండి, టెక్కలి క్వారీల దారుల్లో దుమ్ము తినే బండి మాన్యువల్‌లో 'కఠిన వినియోగం' కిందికొస్తాయి. వాటికి 5,000 లేదా ఆరు నెలలు అనుకోండి. పదేళ్లు ఉంచుకునే బండి కదా, మనసు ఒప్పుకోవడం లేదంటే 2,000–3,000 మధ్య ఒక్కసారి మార్చుకోండి. నష్టం లేదు, ఖర్చే. వంద, రెండొందలకే మార్చడం మాత్రం దండగ, రింగులు అప్పటికింకా కుదురుకోవు. కొన్ని కంపెనీలు మొదటి ఆయిల్‌ను ముందే తీయొద్దని ప్రత్యేకంగా రాస్తాయి. అలా రాసి ఉంటే ఆ మాటే వినండి. దుమ్ము దారుల్లో తిరిగేవాళ్లు ఆయిల్ కంటే ముందు ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిచి చూడాలి. అందులోంచి జారే ఇసుక పొడి చేసే నష్టాన్ని ఏ ఆయిలూ ఆపలేదు.

మార్చాలనుకుంటే గ్రేడ్ దగ్గర, అంటే మాన్యువల్ చెప్పిన ఆయిల్ చిక్కదనం దగ్గర బేరం లేదు. "మన ఎండలకు పల్చటి ఆయిల్ ఆగదు, 20డబ్ల్యూ-40 పోయించు" అనేవాళ్లుంటారు. పల్చటి రకమైన 0డబ్ల్యూ-20లో చివరి 20 బయటి ఎండకు సంబంధించింది కాదు, ఇంజిన్ లోపల ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెప్పేది. మే నెలైనా డిసెంబరైనా లోపలి వేడి దాదాపు అంతే. కొత్త ఇంజిన్లలో సందులు ఇరుకు, వాల్వుల టైమింగ్ నడిచేదీ ఆయిల్ ఒత్తిడితోనే. చిక్కటిది పోస్తే మైలేజీ తగ్గుతుంది, స్టార్టింగ్‌లో పైభాగాలకు ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. పొగ ఫిల్టర్ ఉన్న డీజిల్‌కు మాన్యువల్ అడిగిన తక్కువ బూడిద రకమే పోయాలి, లేదంటే ఆ ఫిల్టర్ త్వరగా పూడుకుపోతుంది. 'ఫ్లషింగ్', అంటే మందు పోసి ఇంజిన్ లోపల కడగడం, చేస్తామంటే వద్దనండి.

వారంటీ ఉన్నంతకాలం కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే చేయించి, ఆయిల్, ఫిల్టర్, డ్రైన్ బోల్టు వాషర్ మూడూ బిల్లులో రాయించండి. ముందే మార్చాం కదా అని తర్వాతి సర్వీసు ఎగ్గొట్టొద్దు, వారంటీ దగ్గర పేచీ వచ్చేది అక్కడే.

ఇంట్లో చేసుకునేవాళ్లు ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపాలి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే చాలు, మరిగేంత వేడైతే చేయి కాలుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు, స్టాండ్లు గానీ ర్యాంపు గానీ పెట్టాలి. పై మూత తీసి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ కింద, ఆయిల్ దింపే డ్రైన్ బోల్టు విప్పాలి. చాలా బండ్లకు 14 లేదా 17 పానా సరిపోతుంది. ధార ఆగి చుక్కలయ్యేదాకా పావుగంట వదిలేయండి. కారిన ఆయిల్‌లో సన్నటి మెరుపు కనబడితే మొదటి మార్పులో అది సహజం, వేలికి తగిలే లోహపు ముక్కలైతే కాదు.

ఫిల్టర్ విప్పాక పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుందేమో చూడండి. దాని మీదే కొత్తది బిగిస్తే స్టార్ట్ చేసిన నిమిషంలో ఆయిలంతా నేల మీదుంటుంది. కొత్త రింగుకు ఆయిల్ రాసి, ఆనేదాకా చేత్తో తిప్పి, ఆపైన ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. డ్రైన్ బోల్టుకు వాషర్ కొత్తదే వేయాలి. చాంబర్ అల్యూమినియందైతే ఎక్కువ బిగింపుకు దాని లోపలి మరలు చెడిపోతాయి, కాబట్టి మాన్యువల్‌లో ఉన్న బిగింపు లెక్కే పాటించండి.

1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్‌కు సుమారు మూడున్నర, 1.5 డీజిల్‌కు ఐదు లీటర్ల దాకా పడుతుంది. డబ్బా ఖాళీ చేయడం కాదు లెక్క. అర లీటరు తక్కువ పోసి, ఒక నిమిషం ఇంజిన్ నడిపి ఆపి, పది నిమిషాలాగి కడ్డీ చూస్తూ పై గీతకు కొంచెం కిందిదాకా నింపండి. మించితే లోపల తిరిగే క్రాంక్ షాఫ్టు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగ సరిగా పని చేయదు.

ఖాళీ డబ్బా కల్తీవాళ్ల చేతికి పోకుండా లేబులు చింపి, కన్నం పెట్టి పారేయండి. పాత ఆయిల్ కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి సర్వీస్ సెంటరుకిస్తే వాళ్ల పీపాలో చేరుతుంది. ఆ రాత్రి ఇంజిన్ కింద పాత పేపరు పరిచి ఉంచి, పొద్దున్నే మరక పడిందేమో చూడండి.