పాప్-అప్ టాపు కారకముందే: తుపాన్ల కాలానికి క్యాంపర్ వ్యాన్ గుడ్డను సిద్ధం చేసుకోవడం

అక్టోబరు రెండో వారం అంటే ఏమిటో శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ రెండూ అక్టోబరు 12నే తీరం దాటాయి. 2018లో తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర దాటింది. 2021లో గులాబ్ ఇంకా ముందొచ్చి సెప్టెంబరు 26నే కళింగపట్నం దగ్గర తీరమెక్కింది. కాబట్టి లోపలే పడుకునే వీలున్న క్యాంపర్ వ్యాన్‌కి పైకి లేచే (పాప్-అప్) టాపు ఉన్నవాళ్లు దాని గుడ్డ పని సెప్టెంబరు రెండో వారం దాటనివ్వకండి. మేలోనే చేసుకుంటే ఇంకా మేలు. అప్పుడు గుడ్డ లోపలిదాకా ఆరుతుంది, జిగురు పట్టు పడుతుంది. ఆగస్టులో రెండు వానల మధ్య దొరికిన పూట చేసిన అతుకు సగం పనే.

టాపు లేపినప్పుడు చుట్టూ గోడలా నిలబడే గుడ్డ గురించే ఇదంతా. బారువ, కళింగపట్నం తీరాల్లోనో తాటిపూడి జలాశయం దగ్గరో రాత్రి ఆగినప్పుడు మీకూ వానకూ మధ్య ఉండేది అదొక్కటే.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. పొద్దున్న లేచేసరికి లోపల చెమ్మ కనిపించినంత మాత్రాన టాపు కారినట్టు కాదు. ఇద్దరు పడుకుంటే రాత్రంతా ఊపిరిలోంచీ చెమటలోంచీ సుమారు అర లీటరు నీరు గాల్లో కలుస్తుంది. మన తీరంలో గాలిలో ముందే తేమ ఎక్కువ, ఆ నీరంతా చల్లబడిన గుడ్డకీ ఇనుప చట్రానికీ పడుతుంది. గుడ్డంతా సమానంగా చెమర్చి, చట్రం మీద కూడా చుక్కలుంటే అది మీ ఊపిరే. ఒకేచోట నుంచి చార కట్టి, ఆరాక అక్కడ మట్టిరంగు గీత మిగిలితే అది కారడం. ఈ తేడా చూడకుండా టాపంతా వాటర్‌ప్రూఫ్ స్ప్రే కొట్టించేసి, మర్నాడు మళ్లీ తడి చూసి దిగాలుపడేవాళ్లు చాలామంది.

ఎక్కడ కారుతోందో పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల టార్చిలైటు, సుద్దముక్క పట్టుకుని కూర్చోవాలి. రెండోవారు బయటినుంచి గొట్టంతో నీళ్లు పోయాలి. ధార గట్టిగా ఉండకూడదు, వాన పడ్డట్టు జల్లులా ఉండాలి. ఎప్పుడూ కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి. పైనుంచి మొదలుపెడితే నీరంతా కిందికి పారి అన్నిచోట్లా కారుతున్నట్టే కనబడుతుంది. ఒక్కోచోట నాలుగైదు నిమిషాలు ఆగండి. లోపలివాళ్లు చుక్క కనబడ్డ చోటే కాకుండా, దానికి పైనున్న కుట్టు పొడవునా వేలు పెట్టి చూడాలి. స్లాబు ఒకచోట పగిలితే నీరు ఇంకో గదిలో కారినట్టే, ఇక్కడా కుట్టు దారం వెంట జారిన నీరు దూరంగా ఎక్కడో బయటపడుతుంది.

ఇలా వెతికితే ఎక్కువసార్లు తేలేది గుడ్డ బాగానే ఉందని. కారేవి కుట్లు, జిప్పు కిటికీల మూలలు, గుడ్డను చట్రానికి బిగించిన అల్యూమినియం పట్టీ, ఆ పట్టీ మీది స్క్రూ రంధ్రాలు, రబ్బరు బీడింగ్. ఎండకు గుడ్డకన్నా ముందు దారం చస్తుంది. కుట్టు దారాన్ని గోటితో పైకి లాగి చూడండి. పుటుక్కున తెగిందంటే ఆ వరుసంతా పోయిందనే లెక్క. గుడ్డనే రెండు వేళ్లతో పట్టి లాగితే కాగితంలా చిరిగితే మాత్రం మాసికల మీద డబ్బు పెట్టకండి, గుడ్డ మార్పించండి.

మీ గుడ్డ ఏ రకమో తెలియకుండా ఏ ట్యూబూ కొనొద్దు. పాప్-అప్ టాపులకు నూలు కాన్వాసు, నూలూ పాలిస్టరూ కలిపినది, పూత ఉన్న పాలిస్టరు, పీవీసీ పూత గుడ్డ వాడతారు. పొందూరు ఖద్దరు నేసే ప్రాంతం మనది, నూలు తడిస్తే పోగు ఉబ్బుతుందని ఇక్కడివాళ్లకు తెలుసు. కొత్త నూలు కాన్వాసుకు అదే రక్ష. వాడకముందే రెండు మూడుసార్లు బాగా తడిపి, ప్రతిసారీ పూర్తిగా ఆరనిస్తే పోగులూ దారమూ ఉబ్బి సూది రంధ్రాలు పూడుకుంటాయి. కొత్త టాపు మొదటి వానకు కుట్ల దగ్గర కాస్త కారితే కంగారు పడొద్దన్నది ఇందుకే. పాలిస్టరుకూ పీవీసీకీ ఈ గుణం లేదు, వాటికి మందు రాయాల్సిందే. నూలు గుడ్డ తడిసి ఉండగా లోపలినుంచి వేలితో గానీ దుప్పటితో గానీ తాకకూడదు. తాకినచోట నుంచి నీరు లోపలికి దిగడం మొదలవుతుంది. పరుపు, సంచులు గోడకు ఆనకుండా బెత్తెడు ఎడం ఉంచండి.

రిపేరుకు ముందు శుభ్రం చేయడం తప్పదు. సముద్రం పక్కన తిరిగిన వ్యాన్ అయితే ఉప్పు పేరుకుని ఉంటుంది, మంచినీళ్లతో కడగండి. మెత్తటి బ్రష్, గోరువెచ్చని నీళ్లు, కొంచెం మామూలు సబ్బు చాలు. బట్టల సర్ఫు వద్దు. అది గుడ్డలో మిగిలిపోతే నీటిని జార్చే గుణం పోయి పీల్చుకోవడం మొదలవుతుంది. వాటర్ సర్వీసింగ్‌లో వాడే ప్రెషర్ గన్ను టాపు గుడ్డ దగ్గరికి రానివ్వొద్దు, పూత లేచిపోతుంది. బూజు నల్లమచ్చలుంటే నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడవండి. బ్లీచింగ్ నూలును బలహీనం చేస్తుంది. ఒకవేళ ముందెప్పుడైనా బ్లీచింగ్ వాడి ఉంటే, అది పూర్తిగా కడిగేదాకా వెనిగర్ తాకించొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన వ్యాన్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇక కుట్లు. పని అంతా ఇక్కడే ఉంది. దారం గట్టిగా ఉండి నీరు మాత్రం ఊరుతుంటే సీమ్ సీలర్, అంటే కుట్ల రంధ్రాలు పూడ్చే మందు, చాలు. బ్రష్‌తో బయటివైపు, కుట్టుకు రెండు పక్కలా వేలెడు వెడల్పున పలచగా రుద్ది, ఆరాక రెండో పూత వేయండి. పొద్దున్న మంచు ఆరిన తర్వాత, ఎండ ముదరకముందు రాయాలి. మిట్టమధ్యాహ్నం కాలుతున్న గుడ్డ మీద రాస్తే పైన పొర కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. తర్వాత కనీసం ఒక రోజు టాపు దించకండి. సిలికాన్ సీలర్ సిలికాన్ పూత గుడ్డలకే. మిగతావాటికి యూరిథేన్ రకం మంచిది. ఒకసారి సిలికాన్ రాశాక దాని మీద ఇంకేదీ అంటుకోదు, ఆ చోటు ఎప్పటికీ చిక్కే. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే, పుల్లటి వెనిగర్ వాసన వేసే సిలికాన్ అయితే అసలు వద్దు. ఆ ఆమ్లం పట్టీలనూ స్క్రూలనూ తినేస్తుంది. నూలు కాన్వాసు కుట్లకు మాత్రం తేనెమైనం ముక్కతో గట్టిగా రుద్ది, హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త కరిగించినా బాగా పనిచేస్తుంది. దాన్ని కుట్ల వరకే ఉంచండి, గోడంతా పూస్తే ధూళి పట్టి గుడ్డకు గాలి ఆడదు.

దారమే పోతే మళ్లీ కుట్టాలి. మన ఊళ్లలో ఆటో టాపులు, సీటు కవర్లు కుట్టేవాళ్ల చేతిలో మంచి పనితనం ఉంది. సాలూరు వైపు లారీ బరకాలు కుట్టే చేతులూ ఉన్నాయి. కానీ వాళ్లు రోజూ చేసే పని వేరు, అందుకని మీరు దగ్గరుండి మూడు మాటలు చెప్పాలి. దబ్బనంలాంటి లావు సూది వద్దు. కుట్లు మరీ దగ్గరగా వేయొద్దు, వేస్తే ఆ వరుస చిల్లుల కాగితంలా తయారై అక్కడే చిరుగుతుంది. పాత రంధ్రాల పక్కన కొత్తవి పొడవకుండా పాత వాటిలోంచే చేత్తో కుట్టమనండి. దారం నూలు గుడ్డకు నూలు చుట్టిన పాలిస్టరుదైతే శ్రేష్ఠం. దొరక్కపోతే మంచి పాలిస్టరు దారానికి మైనం రాసి వాడొచ్చు. వట్టి నూలు దారం మన తేమకు కుళ్లిపోతుంది.

చిరుగుకు మాసిక బయటివైపు వేయాలి. చిరుగు కన్నా చుట్టూ రెండు అంగుళాలు ఎక్కువ ఉండేలా, మూలలు గుండ్రంగా కత్తిరించండి. చదరపు మూల మొదట లేస్తుంది. అర నిమిషంలో అంటుకునే జిగురు, ఎపాక్సీ ముద్ద, తారు మూడూ దూరంగా పెట్టండి. టాపు రోజూ మడిచేది, గట్టిపడ్డ జిగురు మడతలో పగిలి గుడ్డను కూడా కోస్తుంది. పైగా అర నిమిషంలో అంటుకునే ఆ జిగురు నూలు మీద ఎక్కువ పడితే చేయి కాలేంత వేడెక్కుతుంది. పీవీసీ గుడ్డకు వాడే జిగురు ఆవిరి మండుతుంది, తల తిప్పుతుంది. తలుపులన్నీ తీసి, గ్యాస్ పొయ్యి, సిగరెట్ దగ్గర లేకుండా పని చేయండి.

పట్టీ కింద కారుతుంటే పైన సీలెంట్ పూసి వదిలేయొద్దు. స్క్రూలు విప్పి, పాత జిగురు గోకేసి, బంకలా సాగే బ్యూటైల్ రబ్బరు టేపు పెట్టి మళ్లీ బిగించండి. తుప్పు పట్టిన స్క్రూల బదులు స్టెయిన్‌లెస్ స్టీలువి వేయండి.

ఈ పనులన్నిట్లో మనిషికి దెబ్బ తగిలే చోటు ఒకటుంది. టాపును ఎత్తి పట్టే గ్యాస్ స్ట్రట్లు ఉప్పు గాలికి తుప్పు పట్టి, ముందస్తు సూచన లేకుండా పట్టు వదిలేస్తాయి. లోపలికి తల పెట్టే ముందు రెండు వైపులా గట్టి కర్రలు ఆనించండి. పిల్లల చేతులు టాపును లేపే కత్తెరలాంటి చట్రం దగ్గరికి రానివ్వకండి.

టాపు ఎంత బాగుచేసినా అది వానకే, గాలికి కాదు. వాతావరణ శాఖ లెక్కలో గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల గాలి వాయుగుండం, 50 నుంచి 61 తీవ్ర వాయుగుండం, 62 చేరితే తుపాను. నా మాట వింటే వాయుగుండం అన్న పదం వినగానే టాపు దించి తాళం బిగించండి. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగిరిందంటే తీరం వదిలి ఊళ్లోకి వచ్చేయండి. పిడుగులు పడుతున్నప్పుడు టాపులోని పై పడకలో ఉండకూడదు, చుట్టూ ఉన్నది గుడ్డే. కిందికి దిగి, టాపు దించి, ఇనుప బాడీ లోపల అద్దాలెత్తి కూర్చోండి. వాన పడుతోందని కిటికీలన్నీ బిగించి లోపల స్టవ్ వెలిగించొద్దు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే చంపుతుంది. సీలర్ రాసేటప్పుడు గాలి రంధ్రాలు కూడా మూసేయకుండా చూసుకోండి.

దారిలో ఉండగా కారితే ఆరిన గుడ్డ మీద రిపేరు టేపు రెండు వైపులా అంటించి, పైన చిన్న బరకం కట్టి ఆ రాత్రి గడపండి. తడి గుడ్డకు ఏ టేపూ పట్టదు, ముందు తువ్వాలుతో ఒత్తి తుడవాలి. వానలో టాపు దించి రావాల్సి వస్తే ఇంటికి చేరిన రోజే మళ్లీ లేపి ఆరబెట్టండి. మన తేమలో ఒకటి రెండు రోజులకే బూజు మొదలవుతుంది. మడతల మధ్య వేలు పెట్టి చూసి, ఎక్కడా చెమ్మ లేదనుకున్నాకే మూయండి.