పాత స్పోర్ట్స్ సెడాన్ కొంటున్నారా? ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి

సిరిమాను సంబరం ముగిసిన మరుసటి వారం విజయనగరంలో ఉంటున్న మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. ‘‘అన్నయ్యా, మంచి బండి దొరికింది. డాక్టరు గారిదట, సింగిల్ ఓనరు, షోరూమ్‌లోనే సర్వీసు. టర్బో పెట్రోలు. నువ్వు ఒకసారి చూసి సరేనంటే అడ్వాన్సు ఇచ్చేస్తాను’’ అన్నాడు. మన వైపు అమ్మకానికి వచ్చే ప్రతి రెండో కారూ డాక్టరు గారిదే. ఇంతమంది డాక్టర్లు ఉంటే ఆసుపత్రిలో ఓపీ దగ్గర అంత వరుస ఎందుకుంటుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పొద్దున్న ఆరున్నరకు వస్తామని, అంతవరకు బండి స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పించాను. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి ఆనించాను. పొయ్యి మీంచి దించి పది నిమిషాలైన ఇడ్లీ పాత్రలా వెచ్చగా ఉంది. ఆ బండి సంగతి తరువాత చెబుతాను. ముందు, ఇలాంటి పాత స్పోర్ట్స్ సెడాన్‌ను ఏ వరుసలో చూడాలో చెప్పుకుందాం.

మొదటి పని: బాగు చేసేవాళ్లు ఎక్కడున్నారో తెలుసుకోండి

సెకండ్‌హ్యాండ్‌లో దొరికే స్పోర్ట్స్ సెడాన్లు మన దగ్గర కొన్నే. పాతవాటిలో ఫియట్ లీనియా టీ-జెట్, స్కోడా లారా వీఆర్ఎస్. ఆ తరువాత 2017లో వచ్చిన 230 పీఎస్ (పీఎస్ అంటే ఇంజిన్ బలానికి కొలత) స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్, 2020లో మన దేశానికి 200 బండ్లే కేటాయించిన 245 పీఎస్ వీఆర్ఎస్. డబ్బు ఇంకాస్త ఉంటే బీఎండబ్ల్యూ 3 సిరీస్. కొత్తవాటిలో 150 పీఎస్ ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.5, దాని అన్నదమ్ముడు స్కోడా స్లావియా 1.5, 2023లో వచ్చిన 160 పీఎస్ హ్యుందాయ్ వెర్నా టర్బో.

వీటిలో ఏది కొన్నా పెద్ద పనికి విశాఖ వెళ్లాల్సి రావచ్చు. విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 110. పలాసలో బండి ఆగిపోతే లారీ మీద ఎక్కించి తీసుకువెళ్లే కిరాయి కూడా లెక్కలో వేసుకోవాలి. సాలూరులో లారీ ఇంజిన్‌ను కళ్లు మూసుకుని విప్పి బిగించే మేస్త్రీలు ఉన్నారు, ఆ పనితనానికి దండం పెట్టాల్సిందే. కానీ రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు కావలసింది వేరే విద్య, వేరే స్కానరు. అందుకే కారు చూడటానికి ముందే ఆ బ్రాండు వర్క్‌షాపుకు ఫోన్ చేసి టర్బో (ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసి పవరు పెంచే భాగం) ఎంత, గేర్‌బాక్సులో గేర్లను, క్లచ్‌లను నడిపే మెకట్రానిక్స్ యూనిట్ ఎంత అని ధర అడగండి. ఆ రెండు అంకెలు విన్నాక కొందరికి కోరిక అక్కడే తీరిపోతుంది.

రెండో పని: ఇంట్లో కూర్చునే కాగితాలు చూడండి

ఆర్‌సీ, ఇన్సూరెన్స్ పాలసీ ఫోటోలు పంపమనండి. పంపడానికి సాకులు చెప్పేవారి దగ్గరికి వెళ్లి పెట్రోలు దండగ చేసుకోవద్దు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఎన్నో ఓనరు, ఫైనాన్స్ బాకీ ఉందా, ఇన్సూరెన్స్ గడువు ఎప్పటి వరకు అన్నవి చాలావరకు తెలుస్తాయి. ఒకప్పుడు ఏపీ 30 అంటే శ్రీకాకుళం, ఏపీ 35 అంటే విజయనగరం అని ప్లేటు చూసి చెప్పేవాళ్లం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ మొదలయ్యాక ఆ సదుపాయం పోయింది. ‘లోకల్ బండి’ అన్న మాటను ఆర్‌సీలోని ఆఫీసు పేరుతో సరిచూసుకోండి.

పాలసీలో నో క్లెయిమ్ బోనస్ గడి చూడటం చాలామందికి తట్టదు. ఏటా క్లెయిమ్ లేకపోతే అది 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరుగుతుంది. ఐదేళ్లుగా ఒకే ఓనరు, చిన్న గీత కూడా పడలేదు అంటున్నప్పుడు ఆ గడిలో సున్నా ఉంటే, గీత కన్నా పెద్దదే ఏదో పడి ఉండవచ్చు. ఎందుకని అడగండి. అయితే బోనస్ ఓనరుకు చెందినది, బండికి కాదు. ఈమధ్యే చేతులు మారిన కారుకు సున్నా ఉండటం తప్పు కాదు.

మన వైపు చౌకగా వచ్చే బండ్లు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి ఇచ్ఛాపురం అవతల నుంచి ఒడిశా బండ్లు, రెండోది ఢిల్లీ బండ్లు. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లను అక్కడ నడపకూడదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించాక, గడువు దగ్గరపడిన ఖరీదైన కార్లు దక్షిణాదికి దిగుమతి కావడం మొదలైంది. ఏ దారిలో వచ్చినా అక్కడి రవాణా ఆఫీసు ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఉండాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ‘తరువాత చూసుకుందాం’ అనే మాటకు లొంగకుండా ఆ ట్యాక్సు ఎంతో ముందే కనుక్కుని, ధరకు కలిపి చూడండి.

మూడో పని: చల్లని ఇంజిన్‌ను మీ ముందే స్టార్ట్ చేయించండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మామూలు కారు తిరిగిన దూరాన్ని బట్టి అరుగుతుంది. టర్బో ఉన్న ఇలాంటి బండి, చల్లగా ఉన్నప్పుడు ఎంత గట్టిగా తొక్కారు, ఆయిలు ఎన్నాళ్లకు మార్చారు అన్నదాన్ని బట్టి అరుగుతుంది. ఆ చరిత్ర రాత్రంతా చల్లారిన ఇంజిన్ మొదటి అరనిమిషంలో బయటపడుతుంది. వేడెక్కితే చాలా శబ్దాలు మూగబోతాయి. బానెట్ వెచ్చగా ఉంటే బేరం అక్కడే ఆపి, మరో రోజు వస్తామని చెప్పండి.

స్టార్ట్ చేయకముందే బానెట్ ఎత్తండి. ఆయిలు మూత విప్పి లోపలివైపు చూడండి. మీగడలాంటి తెల్లని జిడ్డు పేరుకుంటే కూలెంట్ నీరు ఆయిలులో కలుస్తోందేమో అనుమానించాలి. కూలెంట్ డబ్బాలో మట్టం గీతల మధ్య ఉండాలి, చుట్టూ గులాబీ రంగు ఎండిన మరకలు ఉండకూడదు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా టర్బో పెట్రోలు ఇంజిన్లలో వాటర్ పంపు, థర్మోస్టాట్ ఉండే ప్లాస్టిక్ భాగం దగ్గర కారడం బాగా తెలిసిన జబ్బే. టార్చి వేసి చూడండి.

ఇప్పుడు తాళం తిప్పి, స్టార్ట్ చేయకుండా ఆగండి. చెక్ ఇంజిన్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లన్నీ వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఎయిర్‌బ్యాగ్ లైటు అసలు వెలగనే లేదంటే సంతోషించకండి. ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడో పేలిపోయి, ఆ సంగతి చెప్పే లైటును ఎవరో నొక్కేసి ఉండవచ్చు.

స్టార్ట్ చేసిన మొదటి ఐదు సెకన్లు ఎవరినీ మాట్లాడనివ్వకండి. రేకు డబ్బాలో గోలీలు పోసి కదిపినట్టు శబ్దం వస్తే ఇంజిన్ వాల్వులను సమయానికి తెరిపించే టైమింగ్ చైన్ గాని, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనరు గాని అరిగినట్టే. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల పాత తరం 1.8 టీఎస్ఐ (టర్బో పెట్రోలు) ఇంజిన్లకు ఈ చైను బాధతోపాటు ఆయిలు తాగే అలవాటూ ఉంది. మధ్యలో ఎన్నిసార్లు ఆయిలు పోయించారో అడగండి. బీఎండబ్ల్యూ పాత ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో చైను ఇంజిన్ వెనక, గేర్‌బాక్సు వైపు ఉంటుంది. అక్కడ పని పడితే చైను ధర కన్నా దాన్ని చేరడానికయ్యే కూలి ఎక్కువ.

సైలెన్సర్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. శీతాకాలం పొద్దున్న కాస్త తెల్లని ఆవిరి వచ్చి పోతే దిగులు లేదు. మూడు నాలుగు నిమిషాలు ఊరికే నడవనిచ్చి ఒక్కసారి తొక్కినప్పుడు నీలంగా పొగ వస్తే ఆయిలు కాలుతోంది. టర్బో సీలు పోయి ఉండవచ్చు, అంతకన్నా లోపలిదే అయి ఉండవచ్చు.

గేర్‌బాక్సు

బ్రేకు మీంచి కాలు తీసి, యాక్సిలరేటరు ముట్టకుండా బండిని మెల్లగా పాకనివ్వండి. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు వణికినా, రివర్సు వేశాక రెండు మూడు సెకన్లు ఆలోచించి కదిలినా మంచి లక్షణం కాదు. చిన్న టీఎస్ఐ బండ్లలో, వర్టస్, స్లావియాల్లో వచ్చే ఏడు గేర్ల డీఎస్‌జీకి, అంటే ఇందాక చెప్పిన రెండు క్లచ్‌ల గేర్‌బాక్సుకు, పొడి క్లచ్‌లు ఉంటాయి. నత్తనడక ట్రాఫిక్‌లో అవి వేడెక్కి తొందరగా అరుగుతాయి, కాబట్టి హైవే మీద తిరిగిన 70,000 కన్నా సిటీలో తిరిగిన 30,000 వాటికి ఎక్కువ భారం. 230 పీఎస్ వీఆర్ఎస్‌లోని ఆరు గేర్ల పెట్టె ఆయిలులో మునిగి ఉండే రకం, గట్టిది. కానీ దానికి 60,000 కిలోమీటర్లకు ఒకసారి ఆయిలు, ఫిల్టరు మార్చాలి. ఆ బిల్లు చూపించమనండి. బిల్లు లేకపోతే మార్చనట్టే లెక్క.

అదే రోజు ఎదురైన బురద గీత

మళ్లీ మా తమ్ముడు చూసిన బండి దగ్గరకు వద్దాం. బయట అద్దంలా మెరుస్తోంది, లోపల అత్తరు సీసా ఒలికినట్టు వాసన. వాసన దాచడానికి వాసన పోస్తారన్నది నా అనుభవం. డ్రైవరు సీటు బెల్టును చివరికంటా, ఇక రాదు అనేదాకా లాగాను. ఆఖరి జానెడులో, ఎప్పుడూ చుట్టలోనే ఉండిపోయే చోట, అడ్డంగా గోధుమ రంగు గీత కనిపించింది. గోటితో గీకితే సన్నని మన్ను రాలింది. సీటు కింది పట్టాల బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. డిక్కీలో స్టెప్నీ తీస్తే గుంటలో అదే మన్ను. ‘‘ఎక్కడి బండి అండి?’’ అని అడిగితే ‘‘మన సైడే’’ అన్నారు. ఆర్‌సీలో విజయవాడ ఉంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు నీళ్లలో నిలిచాయి. చెన్నైలో 2015లోనూ 2023లోనూ అదే జరిగింది. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ, 2021 గులాబ్ మనమే చూశాం. ఆ తేదీలు గుర్తుంచుకుని సర్వీసు రికార్డు తిరగేయండి. ఆ వెంటనే సీట్లు, కార్పెట్, వైరింగ్ మార్చిన బిల్లు కనిపిస్తే ధర ఎంత చౌకైనా వదిలేయండి. తడిసిన వైరింగ్ వెంటనే చావదు. ఏడాది తరువాత, ఒక్కో కనెక్టరు చొప్పున చస్తుంది. సముద్రం పక్క ఊళ్లలో పెరిగిన బండికి ఉప్పుగాలి తుప్పు వేరే ఉంటుంది. దానికి ర్యాంప్ ఎక్కించి అడుగున చూడటమే మార్గం.

మీటరు, రంగు, మ్యాపింగ్

మీటరు వెనక్కి తిప్పడం పెద్ద విద్యేమీ కాదు. 40,000 తిరిగిందన్న బండికి స్టీరింగ్ తోలు నున్నబడి, బ్రేకు పెడల్ రబ్బరు అరిగి ఉంటే నమ్మకండి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగు టైర్లూ నాలుగు కంపెనీలవైతే ఓనరు ఇంకెక్కడెక్కడ పొదుపు చేశాడో ఊహించుకోండి. బానెట్ కీళ్ల బోల్టుల మీద రంగు చెదిరిందంటే బానెట్ ఒకసారి ఊడదీశారు.

పవరు పెంచడానికి ఇంజిన్‌ను నడిపే కంప్యూటరులో మ్యాపింగ్ (దాని ప్రోగ్రాం) మార్పించుకోవడం ఈ బండ్లలో మామూలు. అది నేరం అనను, కానీ దాచిపెడితే నాకు భయం. అమ్మే ముందు పాత మ్యాపింగ్ మళ్లీ ఎక్కిస్తారు, అరిగిన క్లచ్ మాత్రం అరిగినట్టే ఉంటుంది. కంపెనీది కాని ఎయిర్ ఫిల్టరు, మార్చిన సైలెన్సర్, విప్పి బిగించిన క్లాంపుల గుర్తులు వెతకండి.

రోడ్డు మీద, తరువాత ర్యాంప్ మీద

కనీసం అరగంట నడపండి. ముందు ఊళ్లో, గతుకుల మీద, అద్దాలు దించి, పాట ఆపి. సస్పెన్షన్ బుష్‌లు, లింకులు పోతే టకటక వినిపిస్తుంది. పక్కగోడ పొట్టిగా ఉండే టైర్ల మీద తిరిగే బండికి మన లోపలి రోడ్లు రిమ్ములను వంచుతాయి. తరువాత ఎన్‌హెచ్-16 మీదకు, శ్రీకాకుళంలో ఉంటే ఎచ్చెర్ల, రణస్థలం వైపు వెళ్లండి. 80 దగ్గర స్టీరింగ్ వణికితే రిమ్ము, బ్రేకు వేసినప్పుడు వణికితే డిస్కు. వేగం రుచి చూపించాలని అమ్మేవారు ఉబలాటపడతారు. రోడ్డు దాటే గేదెలకు ఆ సంగతి తెలియదు.

ఆఖరుగా వర్క్‌షాపులో స్కానరు పెట్టించండి. ‘ఎర్రర్లు ఏమీ లేవు’ అంటే సరిపోదు. కారు తనను తాను చేసుకునే పరీక్షలన్నీ పూర్తయ్యాయా అని అడగండి. చాలావరకు పూర్తికాలేదని చూపిస్తే ఎవరో పొద్దున్నే ఎర్రర్లు చెరిపి తెచ్చి ఉండవచ్చు.

అన్నీ బాగుంటేనే డబ్బు మాట. ఫారం 29, 30 మీద సంతకాలు, ఫైనాన్స్ ఉంటే ఫారం 35, బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రం, రెండు తాళాలు చేతికి వచ్చాకే మిగతా మొత్తం ఇవ్వండి. 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరు మీదకు మార్పించుకోండి.

మా తమ్ముడు ఆ రోజు అడ్వాన్సు డబ్బు జేబులోనే పెట్టుకుని వెనక్కి వచ్చాడు. మూడు నెలల తరువాత రెండో ఓనరు దగ్గర, బిల్లులన్నీ ఫైలులో కుట్టిపెట్టిన ఒక వెర్నా టర్బో కొన్నాడు. అమ్మినాయన డాక్టరు కాదు, లెక్కల మాస్టారు.